నిలబడి చదివిన నోటీసు

విమానం నెత్తిమీదుగా వెళ్తుంటే నేను మాట ఆపేస్తాను. మొన్న ఎయిర్‌పోర్టు దగ్గర కొత్తగా కట్టిన ఒక గోదాములో సమావేశానికి వెళ్ళినప్పుడూ అదే జరిగింది. ఏదో వాక్యం మధ్యలో ఉన్నాను. పైన రేకుల కప్పు సన్నగా వణకడం మొదలుపెట్టింది, బల్ల మీది టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, నేను టక్కున ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న కుర్ర ఉద్యోగులు నాకేదో అయిందనుకుని మంచినీళ్ళ సీసా ముందుకు జరిపారు. చప్పుడు పూర్తిగా సద్దుమణిగాక, ఆగిన మాట దగ్గరినుంచే మళ్ళీ అందుకున్నాను. ఈ అలవాటు నాకు ఇంట్లో రాలేదు. పదకొండేళ్ళ కిందట ఇలాంటి రేకుల కప్పు కిందే, ఖాదర్ సార్ దగ్గర పట్టుబడింది. ఆయన గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చుని లేచానో లెక్కలేదు. రాయలేకపోవడానికి ఒక కారణం ఉంది. అదేమంత గౌరవంగా చెప్పుకునే కారణం కాదు గాని, చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు.

మాది తెనాలి వైపు కుటుంబం. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే హైదరాబాదు వచ్చేశాం. తెలుగులో ఎమ్మే చేశాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు చూసి ముచ్చటపడి ఉద్యోగం ఇచ్చినవాళ్ళు మాత్రం లేరు. చివరికి జల్‌పల్లి నుంచి ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళే దారిలో ఒక పార్సిళ్ళ గోదాములో ఆఫీసు అసిస్టెంటుగా చేరాను. బట్టలు, చెప్పులు, మిక్సీలు, జనం ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కి తెప్పించుకునే సమస్తమూ అక్కడ అట్టపెట్టెల్లోకి ఎక్కేవి. పెద్దాఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చే ఆదేశాలను తెలుగులో నోటీసులుగా రాసి బోర్డుకు అంటించడం నా పనుల్లో ఒకటి. మిగతా పనులు ఎవరైనా చేస్తారు, ఇది మాత్రం నేనే చేయగలనని నాకు గట్టి నమ్మకం.

ఖాదర్ సార్ అక్కడ అడ్మిన్ మేనేజరు. శంషాబాద్ పాత ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. అప్పటికే యాభై అయిదు దాటాయి. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంగ్లీషు తనంతట తాను పాత పుస్తకాలతో కుస్తీ పట్టి నేర్చుకున్నారు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. నా మొదటి నోటీసు చదివినప్పుడు ఆ భుజాలు కదిలాయి. ప్యాకింగ్ విభాగంలో అందరూ బూట్లు వేసుకోవాలన్నది ఆదేశం. నేను ‘పాదరక్షణ కవచములు ధరింపనివారికి ప్రవేశము నిషిద్ధము’ అని రాశాను.

“మంచిగున్నది శారదమ్మా. ఇగ పోయి యాదమ్మకు చదివి వినిపించు” అన్నారు.

“బోర్డు మీద పెడతాం కదండీ, అందరూ చదువుకుంటారు.”

“చదువుకుంటరు. ముందుగాల మాత్రం ఒక్కలకు ఎదురుంగ నిలబడి చదవాలె. నోటీసు ఎవలకు ఎక్కువ తగులుతదో ఆళ్ళకు. ఈడ గంతే రివాజు.”

యాదమ్మది జల్‌పల్లి. యాభై ఏళ్ళ మనిషి, పెట్టెకు టేపు చుట్టడంలో ఆమె చేతిని మించిన చెయ్యి ఆ గోదాములో లేదు. నేను నిలబడి, గొంతు సవరించుకుని చదివాను. ఆమె టేపు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. “ఏంది బిడ్డా, ఎవలన్న సచ్చిపోయిండ్రా?” అనడిగింది. బూట్ల సంగతని చెప్పాక తన కాళ్ళు చూపించింది. మోకాళ్ళు అరిగిపోయి, సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోతాయట, మూడు దాటితే ఏ బూట్లూ పట్టవట. ఆ సంగతి సార్‌కు చెప్తే, ఆయన ఆమెకూ అలాంటి మరో నలుగురికీ ఒక సైజు పెద్ద బూట్లు తెప్పించారు. నోటీసును కూడా ‘బూట్లు లేకుండా లోపలికి రావద్దు, కాళ్ళు ఉబ్బేవాళ్ళు ఆఫీసులో చెప్పండి’ అని మార్పించారు. నా ఎమ్మే మొత్తం ఆ ఒక్క వాక్యం ముందు వెలవెలబోయింది. కొన్నాళ్ళు లోలోపల ఉడుక్కున్నాను కూడా.

రోజూ నాలుగింటికి టీ విరామం, పదిహేను నిమిషాలు. గోదాము వెనకాల నీడలో యాదమ్మ, ఇంకో నలుగురైదుగురు ప్యాకింగ్ ఆడవాళ్ళు, నేను ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని కూర్చునేవాళ్ళం. సార్ ఒక పాత ఇంగ్లీషు నవల తెచ్చి రెండు పేజీలు చెప్పేవారు. పాతబస్తీలో కాలిబాట మీద కొన్నదట. అట్ట లేదు, పేరు లేదు, చివరి పేజీలూ లేవు. అమ్మినవాడు చాలా గొప్ప పుస్తకమని చెప్పాడట. అట్ట లేని ప్రతి పుస్తకం గురించీ వాళ్ళు అలాగే చెప్తారని ఆయనే అన్నారు. ఒక్కో వాక్యం కళ్ళతో చదువుకుని, మాకు మా భాషలో, ఉర్దూ కలిపి చెప్పేవారు. విమానం వస్తే వేలు ఆ మాట మీదే పెట్టి ఆగేవారు. అది వెళ్ళిపోయాక అదే మాట నుంచి మొదలుపెట్టేవారు. ఒక్క మాట కూడా చప్పుడులో కొట్టుకుపోనిచ్చేవారు కాదు.

ఆ నవలలో ఒక నగరం ఉంది. పాలకులు జనం దగ్గరినుంచి ఏది తీసుకున్నా, మూడు రోజుల్లోగా జనమే కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం పంపాలి. బావులు మూయించారు. నీళ్ళు తోడే శ్రమ తప్పించినందుకు ఊరంతా ధన్యవాదాలు రాసింది. కిటికీలు ఇటుకలతో పూడ్చారు. ఎండ నుంచి కాపాడినందుకు మళ్ళీ ఉత్తరాలు. కథానాయకుడు చదువురానివాళ్ళ తరఫున ఆ ఉత్తరాలు రాసిపెట్టే గుమాస్తా. మహా చక్కగా రాస్తాడు. నేను నాలుగు రోజులు విని, అయిదో రోజు నా అభిప్రాయం సెలవిచ్చాను.

“వాళ్ళకేం లోటు లేదు కదండీ. అందరూ తృప్తిగానే ఉన్నారు. కాస్త క్రమశిక్షణ ఎక్కువంతే.”

సార్ భుజాలు కదలలేదు. నన్ను చిన్నబుచ్చే అవకాశం అంత సులువుగా దొరికినా ఆయన వాడుకోలేదు. పేజీ వెనక్కి తిప్పారు. “నువ్వు ఉత్తరాలను నమ్మినవ్. జర యాది చేస్కో, గా ముసలామె బావి గురించి ఉత్తరం రాయించుకుంటప్పుడు ఏం జేస్తున్నది?”

“నాలుకతో పెదాలు తడుపుకుంటోంది.”

“ఎందుకట్ల జేస్తున్నదో రాసినాయన చెప్పిండా? చెప్పలే. గది ఒక్కటి అక్కడ పెట్టి ఊకున్నడు. ఇగ గా పెదాలను, గీ ఉత్తరాన్ని పక్కపక్కన పెట్టి చూడు.”

పక్కపక్కన పెట్టి చూశాను. ఆమెకు దాహం. వ్యంగ్యం గురించి పరీక్షలో నాలుగు పేజీల జవాబు రాసి వచ్చినదాన్ని నేను. నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు. అది ఎలా పనిచేస్తుందో తెలిసింది మాత్రం ఆ రోజు, గోదాము వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు. పక్కన యాదమ్మకు అది మొదటి రోజే తెలిసిపోయిందని, పాపం నాకు తెలియకపోవడం చూసి మర్యాదకు ఊరుకుందని తర్వాత అర్థమైంది.

ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఎక్కడ చూసినా నాకు వ్యంగ్యమే. శంషాబాద్ రోడ్డు మీద చెట్లన్నీ కొట్టేసి చదును చేసిన వెంచర్ ముందు ‘ప్రకృతి ఒడిలో ప్లాట్లు’ అన్న బోర్డు చూసి బస్సులో ఒక్కదాన్నే నవ్వేదాన్ని. పెద్దాఫీసు నుంచి ‘మనమంతా ఒక కుటుంబం’ అని వచ్చిన ప్రతి ఉత్తరానికీ రహస్యంగా జవాబులు రాసి సార్‌కు చూపించేదాన్ని. ఆయన భుజాలు కదిలించాలన్నది నాకు ఒక వ్యసనమైపోయింది.

అలాంటి రోజుల్లోనే కుర్చీల ఆదేశం వచ్చింది. ప్యాకింగ్ వరసలో కుర్చీలు తీసేయాలి, నిలబడితే చేతులు చురుగ్గా కదులుతాయి అని. సార్ దాన్ని నాకు నోటీసు రాయమని ఇవ్వలేదు. ఆడవాళ్ళు నిలబడలేరని, కొందరు పని మానేయాల్సి వస్తుందని రెండుసార్లు పెద్దాఫీసుకు తిరుగు ఉత్తరం రాశారు. విషయం అలా నలుగుతుండగా, ఒక మధ్యాహ్నం నేను భోజనం ముగించి నవల్లోని గుమాస్తా ధోరణిలో ఒక కాగితం టైపు చేశాను. ‘కూర్చోవడమనే దురలవాటు నుంచి మమ్మల్ని విముక్తులను చేసి, మా మోకాళ్ళకు వాటి అసలు కర్తవ్యాన్ని గుర్తుచేసి, మాకు నిలబడే హక్కును ప్రసాదించిన యాజమాన్యానికి ప్యాకింగ్ కార్మికులమైన మేము సదా కృతజ్ఞులం’ అని మొదలైంది అది. నాలుగింటికి సార్‌కు చూపిద్దామని ప్రింటు తీశాను. అంతలో పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఫైళ్ళు అందించే హడావిడిలో కాగితం ప్రింటరు మీదే ఉండిపోయింది.

నేను తిరిగి వచ్చేసరికి అది ఆ అధికారి చేతిలో ఉంది. చదువుతున్నారు. ముఖం వెలిగిపోతోంది.

“ఇది ఎవరు రాశారు?”

“నేనేనండీ.”

“చాలా బాగా రాశారు. వర్కర్లలో ఇంత మంచి ఆలోచన ఉంటే మీ మేనేజరుగారు వద్దు వద్దంటారేమిటి?”

అది వేళాకోళమండీ అని నేను ఆ క్షణంలో చెప్పి ఉండాలి. చెప్పలేదు. భయం ఒక కారణం. కాని పూర్తి నిజం చెప్పాలంటే, చేరినప్పటినుంచి నా తెలుగును బాగుందన్న మొదటి పెద్ద మనిషి ఆయన. ఆ మాట చెవికి తియ్యగా ఉంది. నేను నోరు మూసుకున్నాను. ఆయన ఫోనుతో ఫొటో తీసుకుని పెద్దాఫీసుకు పంపించారు. కార్మికులే స్వాగతిస్తున్నారు కాబట్టి మేనేజరు అభ్యంతరాలను పక్కన పెట్టామని మూడో రోజు జవాబు వచ్చింది. నా కాగితాన్నే నోటీసుగా పెట్టమన్నారు. ఇరవై కుర్చీలు తోపుడు బండి మీద ఒకదానిమీద ఒకటి పేర్చుకుని తీసుకుపోయారు.

సార్ అప్పుడే ఆ కాగితం మొదటిసారి చూశారు. చదువుతుంటే భుజాలు ఒక్కసారి కదిలాయి. నేను అంతగా కోరుకున్న ఆ కదలికను చూడలేక తలవంచుకున్నాను.

“వెక్కిరింపుగా రాశాను సార్. ఆయన నిజమనుకున్నారు.”

“ఆయన అనుకున్నడు. నువ్వు అనుకోనిచ్చినవ్” అన్నారు. గొంతు పెంచలేదు. కాగితం నాకు తిరిగి ఇచ్చారు. “ఇగ రివాజు నీకు తెల్సుగద బేటా. పోయి యాదమ్మకు చదివి వినిపించు.”

యాదమ్మ ఒక కాలి మీద బరువు వేసి, మోచెయ్యి బల్లకు ఆనించి టేపు చుడుతోంది. ఎదురుగా నిలబడి చదవడం మొదలుపెట్టాను. ‘మా మోకాళ్ళకు’ అన్న దగ్గర విమానం వచ్చింది. ఆగాను. కప్పు వణుకుతోంది. అంత చప్పుడులో చేయడానికి ఏ పనీ లేదు, ఆమెను చూడటం తప్ప. ఆమె బరువును ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకుంది. పెదాలు బిగబట్టింది. బావి దగ్గరి ముసలామెను పుస్తకంలో గుర్తుపట్టడానికి నాకు అయిదు రోజులు పట్టింది, ఇక్కడ ఒక్క విమానం సేపు చాలింది. చప్పుడు పోయాక, సార్ నేర్పిన ప్రకారం, ఆగిన మాట దగ్గరినుంచే చదివి ముగించాను.

“గిది నువ్వే రాసినవా బిడ్డా?”

“నేనే.”

“నవ్వొస్తున్నది. మంచిగనే రాసినవ్.” టేపు చుట్ట కింద పెట్టింది. “గని కూసోని రాసినవ్ గద.”

ఆమే మళ్ళీ, “ఇంకో నాల్గు దినాలు జూస్త. నిలబడనీకి రాకపోతె ఇంటికాడ ఉంట, ఏం జేస్త” అని పెట్టె అందుకుంది. ఆమె మీద ఆధారపడి ఇంట్లో మంచాన పడిన భర్త ఉన్నాడని నాకు తెలుసు.

ఆఫీసులోకి వచ్చి, నిలబడే, పెద్దాఫీసుకు ఉత్తరం రాశాను. ఆ కృతజ్ఞతలు కార్మికులు చెప్పినవి కావు, వాళ్ళను ఎవరూ అడగలేదు, అది నేను ఎగతాళికి రాసింది, నిజమనుకున్నప్పుడు దిద్దకపోవడం నా తప్పు అని. కింద నా పేరు పెట్టి సార్‌కు ఇచ్చాను.

“నా ఉద్యోగం పోతుందా సార్?”

“పోవచ్చు” అన్నారు. ఓదార్పు కోసం కూడా అబద్ధం చెప్పే మనిషి కాదు. కలం తీసి, నా పేరు కింద, ‘నా సెక్షన్‌లో జరిగిన తప్పుకు బాధ్యత నాది’ అని రాసి సంతకం చేశారు. తర్వాత లేచి, తన కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని గోదాములోకి నడిచారు. యాదమ్మ బల్ల ముందు దాన్ని వేసి వచ్చారు. నేను నా కుర్చీ మోసుకెళ్ళి ఆ పక్కామె ముందు వేశాను. మరుసటి రోజు స్టోర్స్ గుమాస్తా కూడా తన స్టూలు తెచ్చి పెట్టాడు.

పందొమ్మిది రోజులు ఇద్దరం నిలబడే పనిచేశాం. ఆయన బీరువా పైభాగాన్ని బల్లగా చేసుకుని రాసుకునేవారు. సాయంత్రం గోడ పట్టుకుని బూట్లు విప్పుకునేవారు. ఒకరోజు చూడలేక, “మీరైనా కాసేపు కూర్చోండి సార్, తప్పు నాది” అన్నాను. ఆయన ఎంతో గంభీరంగా, “ఎట్ల కూసుంట శారదమ్మా, నిలబడే హక్కు నాకు గూడ ప్రసాదించినవ్ గద” అన్నారు. భుజాలు కదిలాయి. నేను ఏడుస్తూ నవ్వాను. క్షమించానని ఆయన ఏనాడూ అనలేదు. నా వాక్యాన్నే తీసుకుని, అందులోని విషాన్ని తీసేసి, ఇద్దరం నవ్వుకునే మాటగా చేసి నాకు తిరిగి ఇచ్చారు.

పెద్దాఫీసు నాకు ఘాటైన హెచ్చరిక పంపింది, ఉద్యోగం ఉంచింది. కుర్చీలు సగమే తిరిగి వచ్చాయి, వంతులవారీగా కూర్చోమన్నారు. అదేం విజయం కాదు. అయినా యాదమ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు పనిచేసి, తన ఇష్టంతో మానేసింది. ఆ సంవత్సరం ఖాదర్ సార్‌కు కొత్తూరు యూనిట్ బాధ్యతలు ఇవ్వాల్సి ఉందని, నా ఉత్తరం కింద ఆయన సంతకం చూసి వేరే మనిషికి ఇచ్చారని నాకు చాలా కాలానికి తెలిసింది. ఆయన చెప్పలేదు. అడిగితే, “కొత్తూరు దూరం గదమ్మా” అన్నారు.

కుర్చీలు వచ్చాక, ఆగిపోయిన నవల మళ్ళీ మొదలైంది. గుమాస్తా ఉంటున్న వీధినే కూల్చేస్తారు. దానికీ అతనే ధన్యవాదాల ఉత్తరం రాస్తాడు. అంతకుముందెన్నడూ అంత బాగా రాయలేదని నగరమంతా మెచ్చుకుంటుంది. అక్కడితో పేజీలు అయిపోయాయి. తర్వాత ఏమై ఉంటుందో ఒక్కొక్కరినీ చెప్పమన్నారు సార్. ఉత్తరాలన్నీ తగలబెడతాడని నేనన్నాను. ఊరు విడిచి పారిపోతాడని ఇంకొకామె అంది. యాదమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. “గంతమందికి రాసిచ్చిండు గద. ఒక్కటన్న తన పేరుతోని రాసుకోవాలె. నిజంగ ఎవలకు చెప్పాలనుంటదో ఆళ్ళకు” అంది. సార్ పుస్తకం మూసి, “ఆఖరి పేజీ గిదే. ఇగ వెతకొద్దు” అన్నారు. రిటైరైన రోజు ఆ పుస్తకం నాకిచ్చారు. ఇప్పుడు ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి ఆ నవల ఏమిటో తెలుసుకోవచ్చు. నేను వెతకలేదు.

ఆయన పోయి మూడేళ్ళు. ఇప్పుడు కొత్తూరులో, ఆయనకు రాకుండా పోయిన ఆ కుర్చీలాంటి కుర్చీలోనే నేనున్నాను. ఏ నోటీసైనా ముందు ఒకరికి ఎదురుగా నిలబడి చదవనిదే బోర్డుకు ఎక్కదు. కొత్తగా చేరినవాళ్ళు విసుక్కుంటారు, నేను విసుక్కున్నట్టే. ఆయన గురించి రాయలేకపోయిన కారణం కూడా మీకిప్పుడు తెలిసే ఉంటుంది. కృతజ్ఞత అన్న మాట కాగితం మీద పెట్టగానే ప్రింటరు మీది ఆ పాత కాగితం కళ్ళ ముందుకొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. ఈసారి ఆగనివ్వలేదు. ఖాదర్ సార్, మీకు నేను కృతజ్ఞురాలిని. ఇందులో వ్యంగ్యం లేదు. ఎవరి తరఫునా రాయలేదు. శారద.

రాయడం అయ్యాక రివాజు గుర్తొచ్చింది. ఇది ఎవరికి ఎక్కువ తగులుతుందో వాళ్ళకు చదవాలి. ఆయన లేరు. ఆదివారం పొద్దున కాగితాలు పట్టుకుని జల్‌పల్లి వెళ్ళాను. యాదమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సంగతి చెప్పి, ఎదురుగా నిలబడి, ‘విమానం నెత్తిమీదుగా’ అని మొదటినుంచి చదివాను. బూట్ల దగ్గర నవ్వింది. కుర్చీల దగ్గరికి వచ్చేసరికి ఒలవడం ఆపింది. ‘గని కూసోని’ అన్న మాట దగ్గర నిజంగానే విమానం వచ్చింది. ఆగాను. ఆ చప్పుడులోనే ఆమె మెల్లగా లేచి, గోడ వారన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి నా వెనక వేసింది. విమానం దూరమయ్యాక, “ఎంతసేపు నిలబడతవ్ బిడ్డా. కూసోని సదువు” అంది.

కూర్చున్నాను. ఆగిన మాట దగ్గరినుంచే మొదలుపెట్టాను.